బియ్యం సంచి కప్పిన బోర్డు

మా వీధి వాట్సాప్ గ్రూపులో ఈ ఏడు కూడా హాలోవీన్ నిబంధనలు వచ్చాయి. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా మాత్రమే. పాల్గొనే ఇళ్ళవాళ్ళు లెటర్ బాక్సుకి నారింజ రంగు బెలూన్ కట్టాలి. బెలూన్ లేని ఇంటి తలుపు ఎవరూ కొట్టకూడదు. పిల్లలకి పంచే మిఠాయిలు, ఇక్కడి మాటలో లాలీలు, కొన్నవే ఇవ్వాలి, ఇంట్లో చేసినవి వద్దు. వేరుశెనగ పడని పిల్లలున్నారు, చూసుకోండి. చిన్నపిల్లల వెంట పెద్దవాళ్ళు ఉండి తీరాలి. వీటన్నిటి కింద, మాకు నాలుగిళ్ళ అవతల ఉండే ఒక తండ్రి, మన తెలుగబ్బాయే, ఇలా రాశాడు: "మా చిన్నప్పుడు ఇవేవీ లేవు. పొద్దున వీధిలోకి పోతే చీకటి పడ్డాకే ఇల్లు. ఏమైంది మాకు? బాగానే ఉన్నాంగా!" దానికి బోలెడు నవ్వు బొమ్మలు, చప్పట్ల బొమ్మలు.

నాకు ఒళ్ళు మండింది. 'ఏమీ కానివాళ్ళే కదా బాబూ, ఇప్పుడు కూర్చుని మెసేజీలు పెట్టేది' అని టైపు చేసి, మళ్ళీ చెరిపేశాను. పిల్లల పండగ పూట గ్రూపులో గొడవెందుకని. బెలూన్ పట్టుకుని బయటికి వెళ్ళాను. లెటర్ బాక్సుకి దారం ముడి వేస్తుంటే నా చేతులు ఆగిపోయాయి. మా అమ్మ కూడా ఒకప్పుడు ఇలాగే లెటర్ బాక్సు ముందు నిలబడి, తడిగుడ్డతో ఒక బోర్డు తుడుస్తూ ఉండేది.

మేమిప్పుడు ఉంటున్న పియారా వాటర్స్ పేట అప్పటికి పుట్టనేలేదు. మా ఇల్లు కానింగ్ వేల్‌లో, కొత్తగా వేసిన వీధిలో ఉండేది. వీధి అంటే పేరుకే. రోడ్డు ఉంది, దీపస్తంభాలున్నాయి, ఇళ్ళు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. మిగతాదంతా ఇసుక. సగం లేచిన గోడలు, చెక్క చట్రాలు, పైపుల కోసం తవ్వి వదిలేసిన గోతులు. పొద్దున పూట తూర్పు గాలి వీస్తే ఆ ఇసుక అన్నంలోకి, పరుపుల్లోకి, చెవుల్లోకి వచ్చేది. మధ్యాహ్నం తిరిగాక సముద్రం వైపు నుంచి చల్లగాలి మొదలయ్యేది. దాంతోపాటే తడి సిమెంటు వాసన, రంపంతో కోసిన చెక్క వాసన, ఎండకు కాగిన యూకలిప్టస్ ఆకుల వాసన. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త ఇల్లు కడుతుంటే నేను ఆ పక్కనుంచి నడవలేను.

ఆ వీధిలో మనవాళ్ళం మేమొక్కళ్ళమే. నాన్నకి ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. అమ్మ నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీలు చేసేది. పగలు కాసేపు పడుకుని, నేను బడి నుంచి వచ్చేసరికి లేచి వంట మొదలుపెట్టేది. మామిడికాయ దొరకదు కనక పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ ముక్కలు వేసి పప్పు చేసేది. నాన్న మొదటి ముద్ద తిని, "ఏదైతేనేం, పుల్లగానే ఉందిలే" అనేవాడు. చేపల పులుసు పెట్టిన రోజు మాత్రం ఇల్లంతా తిరిగి కిటికీలు మూసేవాడు. "వాసన బయటికి పోతే పక్కవాళ్ళు ఏమనుకుంటారు?" అని ఆయన బాధ. "పక్కన ఇల్లుంటే కదండీ అనుకోడానికి!" అని అమ్మ నవ్వేది. అవతల నిజంగా ఇటుకల కుప్ప తప్ప ఏమీ లేదు.

మాకు ఒకటే నిబంధన. వీధి దీపాలు వెలిగేసరికి ఇంట్లో ఉండాలి. అప్పటిదాకా ఎక్కడికి పోయామో, ఎవరితో పోయామో అడిగేవాళ్ళు లేరు. పనివాళ్ళు వెళ్ళిపోగానే సగం కట్టిన ఇళ్ళన్నీ మావే. చెక్క దూలాల మీద చేతులు చాచి నడిచేవాళ్ళం. గోడ మీంచి ఇసుక కుప్పల్లోకి దూకేవాళ్ళం. మేకులు ఏరుకుని జేబుల్లో పోసుకునేవాళ్ళం. ఎవరైనా పనివాడు చూసి అరిస్తే పొదల్లోకి పారిపోయి, పడీపడీ నవ్వుకునేవాళ్ళం. అది స్వర్గమే, కాదనను. ఆ తండ్రి రాసిన మాటలో అబద్ధం లేదు. అతనికి తెలియని సంగతి ఒకటుంది, అంతే.

మా గుంపుకి నాయకురాలు వీధి చివర అద్దె ఇంట్లో ఉండే ఒక పిల్ల. నా తరగతే. ముఖం నిండా గోధుమ రంగు చుక్కలు, ఎర్రటి జుట్టు, మోకాళ్ళ మీద ఎప్పుడూ ఆరీ ఆరని దెబ్బలు. వాళ్ళమ్మ సాయంత్రాలు ఎక్కడో బారులో పనిచేసేది. ఇంట్లో ఒక మగమనిషి ఉండేవాడు, ఆ పిల్ల నాన్న కాదు. అతని కారు వాకిట్లో కనిపిస్తే ఆ పిల్ల ఇంటికి పోయేది కాదు. పైపుల గోతిలో, ఒక పక్కన ఇసుకని చేతులతో తొలిచి గుహ చేసుకుంది. లోపల ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో బిస్కెట్లు, ఒక టార్చి. "దిస్ ఈజ్ మై హౌస్" అని నన్నొకసారి లోపలికి తీసుకుపోయింది. చల్లగా, చీకటిగా, భలేగా ఉంది. పైనుంచి మెడ మీద ఇసుక రాలింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంక ఆ బోర్డు సంగతి. మా బడి తల్లుల కమిటీలో ఒక పెద్దావిడ ఉండేది. ఒక మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన టీ తాగి, ఒక పని చేసిపెడతారా అని అడిగింది. దారిలో పిల్లలకి ఏదైనా భయం కలిగితే పరిగెత్తుకొచ్చి తలుపు కొట్టడానికి వీధికొక ఇల్లు ఉంటుంది. ఆ ఇంటి లెటర్ బాక్సుకి పసుపు రంగు బోర్డు ఉంటుంది. బడిలో పిల్లలందరికీ చెబుతారు, ఆ బోర్డు కనిపిస్తే ఆ తలుపు తెరుచుకుంటుందని. పగలు ఇంట్లో ఉండే మనిషి కావాలి, మీరు ఉంటారు కదా, అంది. పోలీసులు వచ్చి ఇల్లు చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి వెళ్ళారు. ఆ తర్వాత బోర్డు వచ్చింది.

నాన్నకి ఇష్టం లేదు. "మనమే కొత్తగా వచ్చాం. ఎవరి పిల్లల గొడవో మనకెందుకు? రేపు ఏదైనా అయితే మన మీదకి వస్తుంది" అన్నాడు.

"ఊరంతా వదిలేసి మన ఇంటిని నమ్మారండీ" అంది అమ్మ. దేశం కాని దేశంలో తనకి దొరికిన మొదటి గౌరవం అదే అనుకుంటాను. వారం వారం ఇసుక తుడిచి, ఆ బోర్డుని తళతళలాడించేది. ఫోన్ పక్కన పోలీసుల నంబరు, అల్మైరాలో ఒక తుండు, దూది, డెట్టాల్, ఒక డబ్బా నిండా జంతికలు. అన్నీ వచ్చే పిల్లల కోసమే.

పిల్లలు వచ్చేవాళ్ళు కూడా. ఇక్కడి వసంతంలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, మాగ్‌పై పిట్టలు గూళ్ళు పెడతాయి, ఆ నెలల్లో తలల మీదికి దూసుకొచ్చి పొడుస్తాయి. పిట్టకి భయపడి ఒకడు, ముక్కులోంచి రక్తం కారి ఒకడు, ఊరికే మంచినీళ్ళ కోసం ఒకడు. అందరికంటే ఎక్కువ వచ్చింది ఆ ఎర్రజుట్టు పిల్ల. కాల్లో ముల్లు అనేది, పిట్ట అనేది, కుక్క అనేది. కాలు చూస్తే ముల్లు ఉండేది కాదు. అయినా అమ్మ కూర్చోబెట్టి జంతికలు పెట్టేది. నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళందరినీ పిలిచే అలవాటు కదా, "ఆర్ యూ ఆల్ రైట్, డార్లింగ్?" అని అడిగేది. ఆ పిల్ల నోటి నిండా జంతికలతో, "యా" అనేది. వాళ్ళింటి ముందు నుంచి కారు కదిలిన చప్పుడు వినిపించాకే లేచి వెళ్ళేది.

ఒకరోజు ఆ పిల్ల వెళ్ళాక అమ్మ నాన్నతో అంది, "చేతి మీద వేళ్ళ గుర్తులున్నాయండీ. పెద్ద చెయ్యి." నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, "నువ్వు బోర్డు పెట్టావు, తలుపు తీస్తున్నావు. అది చాలు. అంతకు మించి వాళ్ళింట్లో తల దూర్చకు" అన్నాడు.

శనివారాలు మనవాళ్ళ ఇళ్ళలో ప్రార్థన కూడిక ఉండేది. ఊళ్ళో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. గుంటూరు వైపు ఒకరిది ఒక సంఘం, కాకినాడ వైపు ఒకరిది ఇంకో సంఘం. అక్కడైతే ఒకరి గుడికి ఒకరు వెళ్ళరు. ఇక్కడికి వచ్చాక తెలుగులో ప్రార్థన వినబడితే చాలని అందరూ ఒక చాప మీద కూర్చునేవాళ్ళు. నడిపించేది ఒక అంకుల్. అక్కడ సొంతూళ్ళో బడిపంతులు, ఇక్కడ ఆఫీసులు ఊడ్చే పని. పాట ఎత్తుకుంటే గోడలు అదిరేవి. నాకు ఆయనంటే ఇష్టం. ఎప్పుడూ జేబులో పిప్పరమెంట్లు ఉండేవి.

ఆ వసంతంలో బడిలో కొత్త సరదా మొదలైంది. అమెరికా సినిమా క్యాసెట్లు చూసి పిల్లలు హాలోవీన్ అంటూ ఊగిపోయారు. పెద్దవాళ్ళలో సగం మందికి అదేమిటో తెలియదు. అదంతా అమెరికా చెత్త అని మా టీచరు కొట్టిపారేసింది. ఎర్రజుట్టు పిల్ల మాత్రం పాత దుప్పటికి కళ్ళ దగ్గర చిల్లులు చేసి పెట్టుకుంది. ఇంటింటికీ పోయి లాలీలు అడుగుదాం రమ్మంది.

ఆ సంగతి నేను కూడికలో వాగాను. అంకుల్ ముఖం మారిపోయింది. "అది దయ్యాల పండగమ్మా. చచ్చినవాళ్ళ వేషాలేసుకుని గుమ్మంలోకి వస్తారు. సాతానుకి మనమే తలుపు తీసి మిఠాయి పెట్టినట్టు" అన్నాడు. ఆ సాయంత్రం ప్రతి కుటుంబం ముందు గది దీపాలు ఆర్పి, పరదాలు వేసి, ఉపవాస ప్రార్థనలో కూర్చోవాలని తీర్మానించారు. ఎవరు తలుపు కొట్టినా తియ్యకూడదు. మా ఇంటికి తనూ ఆంటీ వస్తామన్నాడు అంకుల్.

అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "మరి బోర్డుంది కదా అన్నయ్యగారూ?"

"ఏ బోర్డు?"

"పిల్లలకి భయమేస్తే రమ్మని పెట్టాం కదండీ."

"ఒక్క పూటేగా చెల్లెమ్మా. ఆ పూట వచ్చేవాళ్ళు భయపడి రారు, భయపెట్టడానికి వస్తారు."

అందరూ నవ్వారు. అమ్మ కూడా కొంచెం నవ్వింది. బోర్డు ఊడదియ్యడానికి మాత్రం ఒప్పుకోలేదు, బడివాళ్ళని అడక్కుండా తియ్యకూడదంది. అందుకని ఆ రోజు సాయంత్రం నాన్న ఖాళీ అయిన గోనె బియ్యం సంచి తెచ్చి, బోర్డు మీద బోర్లించి తాడుతో బిగించాడు. "ఊడదియ్యట్లేదు కదా, కప్పుతున్నాను" అన్నాడు.

బడిలో నేను ఆ పిల్లకి ముందే చెప్పాను. ఈ రోజు మా ఇంటికి రాకు, లైట్లు ఉండవు, మా వాళ్ళు తలుపు తియ్యరు, అని. ఆ పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. "యువర్ మమ్ విల్" అంది.

సూర్యుడు అప్పుడే దిగుతున్నాడు. పరదాల సందుల్లోంచి ఎర్రటి వెలుతురు కార్పెట్ మీద గీతలుగా పడి ఉంది. అమ్మ, నాన్న, అంకుల్, ఆంటీ, నేను చాప మీద కూర్చున్నాం. ఉపవాసం కనక వంటింట్లోంచి ఏ వాసనా రావడం లేదు. నాకు ఆకలేస్తోంది. మొదట ఒక గుంపు వచ్చింది. కిచకిచమని నవ్వులు, "ట్రిక్ ఆర్ ట్రీట్!" అని అరుపులు, మిఠాయి పెడతారా, అల్లరి చెయ్యమంటారా అని. మేం కదల్లేదు. కాసేపటికి కిటికీ అద్దానికి ఏదో వచ్చి టప్పున కొట్టుకుంది. గుడ్డు. పరదా వెనక అద్దం మీంచి సొన జారుతున్న నీడ కనిపించింది. నాన్న అమ్మ వైపు తిరిగి, "చూశావా?" అన్నాడు. అంకుల్ కళ్ళు మూసుకునే తల ఊపాడు.

ఆ తర్వాత చాలాసేపు ఎవరూ రాలేదు. వెలుతురు గీతలు పోయాయి. అంకుల్ ప్రార్థన సాగుతోంది. అప్పుడు మళ్ళీ తలుపు చప్పుడైంది. ఈసారి నవ్వులు లేవు. అరచేత్తో కొడుతున్న చప్పుడు, తలుపు కింది భాగంలో, ఆగకుండా.

"మిసెస్! మిసెస్, ప్లీజ్! ఇట్స్ మీ!"

అమ్మ చటుక్కున లేచింది. నేను, "అమ్మా, అది తనే" అన్నాను. నాన్న నా నోటి మీద చెయ్యి పెట్టాడు. రెండో చేత్తో అమ్మ మణికట్టు పట్టుకున్నాడు. "నాటకం. గుడ్డు కొట్టింది వీళ్ళే. తీస్తే లోపలికి ఏం విసురుతారో" అని గుసగుసగా అన్నాడు. అమ్మ అంకుల్ వైపు చూసింది. ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యి పైకెత్తి, కూర్చోమన్నట్టు కిందికి దించాడు. ఆంటీ పాట ఎత్తుకుంది. అంకుల్ గొంతు కలిపాడు, నాన్న కలిపాడు. అమ్మ నిలబడే ఉంది. తలుపు వైపు చూస్తూ ఉంది. తర్వాత కూర్చుంది.

పాటలో ఎక్కడో ఆ చప్పుడు ఆగిపోయింది. అది ఏ చరణంలో ఆగిందో మాకెవరికీ తెలియదు.

ఆమెన్ అనడమే ఆలస్యం, అమ్మ వెళ్ళి తలుపు తీసింది. గుమ్మంలో ఎవరూ లేరు. మెట్టు మీద ఒక దిండు గలీబు పడి ఉంది. లాలీలు వేసుకోడానికి పిల్లలు తెచ్చుకునేది. అమ్మ దాన్ని విప్పి చూసింది. లోపల రెండు కమలాపళ్ళు, ఒక చూయింగ్ గమ్, ఒక పచ్చి బంగాళాదుంప. ఈ పండగ తెలియని ముసలివాళ్ళెవరో ఇంట్లో ఉన్నదేదో చేతిలో పెట్టినట్టున్నారు. వీధి దీపాలు వెలిగి ఉన్నాయి. వీధిలో ఎవరూ లేరు.

అమ్మ చెప్పుల్లేకుండానే వీధి చివరి ఇంటికి పరిగెత్తింది. నాన్న వెనకాలే వెళ్ళాడు. ఆ మగమనిషి తలుపు సగం తీసి, సీసా చేత్తో పట్టుకునే, "షీస్ ఇన్ బెడ్" అని చెప్పి తలుపేసుకున్నాడట. పడుకుందట, పోన్లే, అని నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. అమ్మ ఆ గలీబు మడిచి, రేపు ఇచ్చేద్దామని సోఫా మీద పెట్టింది. ఆ పిల్ల మంచంలో ఉందనే మేమంతా పడుకున్నాం.

పొద్దున పైపులు వెయ్యడానికి వచ్చిన పనివాళ్ళకి గోతిలో కొత్తగా కూలిన ఇసుక కనిపించింది. అందులోంచి దుప్పటి కొస ఒకటి బయటికి ఉందట. ఆ పిల్ల తన గుహలోకి పోయి కూర్చుంది. మా తలుపు తెరుచుకోలేదు కనక తనకి తెలిసిన రెండో ఇంటికి పోయింది. అంతే జరిగింది. ఇన్నేళ్ళలో ఎన్ని రకాలుగా తిప్పి చూసినా నాకు అందులో ఇంకో అర్థం దొరకలేదు.

అంబులెన్సు చప్పుడు విని నాన్న బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు లెటర్ బాక్సు దగ్గర ఆగి, బియ్యం సంచి తాడు విప్పుతుంటే నేను కిటికీలోంచి చూశాను. ముడి రాలేదు. పళ్ళతో కొరికి విప్పాడు. సంచి మడిచి చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. ఆ ముఖం మా నాన్నది కాదు.

కాసేపటికి ఒక పోలీసావిడ ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికి వచ్చింది. చిన్న వయసే. నిన్న సాయంత్రం ఆ పిల్ల ఇటు వచ్చిందా అని అడిగింది. చాలామంది పిల్లలు వచ్చారు, ఎవరెవరో తెలియదు, అని నాన్న ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. అమ్మ మధ్యలో అందుకుంది. "షీ కేమ్. షీ కాల్డ్ మీ. వి డిడ్ నాట్ ఓపెన్."

పోలీసావిడ తలెత్తి బయట బోర్డు వైపు చూసి, మళ్ళీ అమ్మ వైపు చూసింది. ఎందుకు తియ్యలేదని అడిగింది. నాన్న, "ప్రేయర్" అన్నాడు. ఆ మాట ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లో ఎవరం మామూలుగా పలకలేకపోయాం.

ఆ మగమనిషిని పోలీసులు తీసుకుపోయారు. ఆ తర్వాత ఏమైందో పెద్దవాళ్ళు నాకు చెప్పలేదు. ఆ పిల్ల వాళ్ళమ్మ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అమ్మ ఆ గలీబు ఉతికి, ఇస్త్రీ చేసి తీసుకెళ్ళి ఇచ్చింది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఇంటికొచ్చి అమ్మ స్నానాల గదిలో కుళాయి తిప్పి చాలాసేపు ఉండిపోయింది.

వారం తిరక్కుండా అంకుల్ వచ్చాడు. పిప్పరమెంటు ఇవ్వబోతే నేను తీసుకోలేదు. సోఫా అంచు మీద కూర్చుని, "దేవుని చిత్తం చెల్లెమ్మా, మన చేతుల్లో ఏముంది" అన్నాడు.

అమ్మ టీ కప్పు ఆయన ముందు పెట్టి, నిలబడే అంది. "దేవుడే వచ్చి తలుపు కొడితే మనం పాట పాడుకుంటూ కూర్చున్నాం అన్నయ్యగారూ."

ఆయన టీ తాగలేదు. ఆ తర్వాత కూడికల్లో పాట ఎత్తుకోవడం మానేశాడని విన్నాం. మేం మళ్ళీ వెళ్ళలేదు.

బోర్డుని అమ్మే ఊడదీసి, గుడ్డలో చుట్టి, బడికి పట్టుకెళ్ళి ఆ కమిటీ ఆవిడకి ఇచ్చేసింది. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనడం లేదమ్మా, ఉంచుకోండి, అందట ఆవిడ. అమ్మ తల అడ్డంగా ఊపి వచ్చేసింది. లెటర్ బాక్సుకి స్క్రూల చిల్లులు మిగిలాయి. నాన్న సున్నం పెట్టి పూడ్చి రంగేశాడు. అయినా తెలిసిపోయేవి.

కట్టుబడి స్థలాల చుట్టూ ఇనప కంచెలు వచ్చాయి. దీపాలు వెలిగేదాకా తిరగడమనే మాట మా వీధిలో ఇంక వినబడలేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, కళ్ళు మూతలు పడుతున్నా అమ్మ నన్ను బడి గేటు దాకా దింపేది. హైస్కూలుకి వచ్చినా మానలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఒక్కసారి మాత్రం విసుక్కున్నాను. అయినా అమ్మ పక్కనే నడిచింది.

నాన్న పోయి నాలుగేళ్ళయింది. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచినప్పుడల్లా, "ఎవరో తలుపు కొడుతున్నారే, తియ్యండి" అనేవాడు. అమ్మ లేచి వెళ్ళి ఆ గది తలుపు తీసి, కాసేపు అలా ఉంచి వచ్చేది. అప్పుడు ఆయన నిద్రపోయేవాడు.

ఇప్పుడు మా అమ్మాయి చేతికి గడియారం ఉంటుంది. అది ఏ వీధిలో ఉందో నా ఫోనులో చుక్కలా కనిపిస్తుంది. "మమ్, యూ ఆర్ సో పారనాయిడ్" అంటుంది. అననీ. గుమ్మానికి కెమెరా ఉంది. బెలూన్ ఉన్న ఇల్లేదో, లేని ఇల్లేదో అందరికీ తెలుసు. ఇవన్నీ మంచివే, నేను ఎగతాళి చెయ్యను. ఆ గోతులకి కంచె ఉంటే చాలని ఎన్ని రాత్రులు అనుకున్నానో నాకు తెలుసు. కాని భయపడ్డ పిల్ల బెలూన్ వెతుక్కుంటూ కూర్చోదు. తనకి తెలిసిన తలుపు కొడుతుంది.

ప్రతి ఏడూ ఈ రోజున అమ్మ మా వసారాలో కుర్చీ వేసుకుని, తన వెనకున్న వీధి తలుపు బార్లా తీసి కూర్చుంటుంది. ఈ మధ్య అన్నీ మర్చిపోతోంది, మందులు వేసుకుందో లేదో కూడా, కాని ఈ సాయంత్రం మర్చిపోదు. లాలీలు పంచడం మా అమ్మాయి పని. అమ్మ ప్రతి పిల్లనీ, ప్రతి పిల్లాణ్ణీ ఒకటే అడుగుతుంది. "ఆర్ యూ ఆల్ రైట్, డార్లింగ్?" మంత్రగత్తెలు, అస్థిపంజరాలు, సాలీడు వేషాలు, అందరూ "యెస్, థాంక్యూ!" అని పరిగెడతారు. "అమ్మమ్మా, దే జస్ట్ వాంట్ లాలీస్!" అని మా అమ్మాయి తల పట్టుకుంటుంది. అమ్మ వినదు.

ఈ ఏడాది ఏడు గంటలకి నేను బెలూన్ విప్పేశాను. అమ్మని బతిమాలి లోపలికి తెచ్చి, తలుపేసి అన్నం పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నదో లేదో, ఎవరో తలుపు కొట్టారు. అరచేత్తో, తలుపు కింది భాగంలో. వేళ దాటాక ఎవరబ్బా అని నేను కెమెరాలో చూడ్డానికి ఫోను తీశాను. ఫోను తెరుచుకునేలోపు అమ్మ ఎంగిలి చేత్తోనే వెళ్ళి తలుపు తీసేసింది.

గుమ్మంలో ఒక చిన్న డైనోసార్. తోక చిరిగిపోయింది. వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. వాళ్ళ నాన్న కనిపించడం లేదట. అమ్మ కింద కూర్చుని వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. పప్పు అంటిన చెయ్యి పక్కకి పెట్టుకుని, రెండో చేత్తో వీపు నిమురుతూ ఉంది. నేను వీధిలోకి వెళ్ళి కేకేశాను. మెరిసే జాకెట్టు వేసుకున్న మనిషి ఒకడు చివరి నుంచి పరిగెత్తుకొచ్చాడు. గ్రూపులో మెసేజి పెట్టిన ఆ తండ్రే. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఒక్క నిమిషం ఫోన్ చూసుకున్నానండీ. ఒక్క నిమిషమే. తల తిప్పేసరికి లేడు" అన్నాడు. కొడుకుని ఎత్తుకుని, వాడి మెడలో తల పెట్టి, అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.

వాళ్ళు వెళ్ళిపోయాక కూడా అమ్మ గుమ్మంలోనే నిలబడింది. వాళ్ళింటి దీపం వెలిగేదాకా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో నేను పదేళ్ళ పిల్లనో, ఇప్పటి మనిషినో నాకు తెలియలేదు.

"నేను ఆలస్యం చెయ్యలేదు కదూ?" అంది.

"లేదమ్మా. కొట్టగానే తీశావు" అన్నాను.

తలుపు వెయ్యబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనీవే కాసేపు" అంది.